అరచేతిలో ఎర్రబిళ్ళ

మార్చి 3

అత్తా,

నేను మాంసం తినడం మొదలుపెట్టలేదు. ఈ ముక్క ముందు రాసేస్తే తప్ప మన ఇంట్లో ఎవరూ రెండో వాక్యం దాకా రారని అర్థమైంది.

అమ్మ ఫోన్లో ఏడ్చింది. నాన్న ఫోను లాక్కుని "ఎప్పట్నించీ?" అని ఒక్క మాట అడిగి పెట్టేశాడు. ఎప్పట్నించీ ఏమిటో తెలియక ఒక పూటంతా నా బతుకులో చేసిన తప్పులన్నీ వరసపెట్టి తలుచుకున్నాను. కొన్ని మీకు ఇప్పటికీ తెలియవు, అది వేరే సంగతి.

తీరా చూస్తే, పోయిన ఉత్తరంలో నేను "మన ఇంట్లో అందరం రెండేళ్ళుగా మాంసాహారులమే, నాతో సహా" అని రాశాను. ఎందుకో కింద రెండు పేజీలు రాశాను. నువ్వు "నాతో సహా" దగ్గర ఆగి, కాగితం మడిచి, అమ్మ దగ్గరికి పరిగెత్తావు. నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన తాతయ్య ఉన్న ఇల్లు అది!

మళ్ళీ రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

మా ఫ్యాక్టరీలో అచ్చు సరిగ్గా పడని జెల్లీ బిళ్ళల్ని నెలకో సంచీ చొప్పున పనివాళ్ళకి ఇచ్చేస్తారు. మూతి వంకరవీ, తోక ఉన్నవీ. నేను తాతయ్యకి పంపేవి అవే. తెల్ల సంచీలో వస్తాయి కాబట్టి మీరు చిన్నక్షరాలు చదివే వీలే లేదు. నేనూ చదవలేదు. అప్పుడు నేను లారీల కాగితాలు రాసే గదిలో ఉన్నాను. జనవరిలో లేబుళ్ళ గదికి మార్చారు. కొత్త పొట్లం అచ్చుకి వెళ్ళేముందు దాని మీద రాసిన ప్రతి మాటనీ, బిళ్ళలో ఏమేం వేశారో రాసి ఉండే పాకం కాగితంతో సరిచూసి సంతకం పెట్టడం ఇప్పుడు నా పని. అలా ఎర్రబిళ్ళ పాకం కాగితం నా చేతికొచ్చింది.

బిళ్ళ సాగేది జెలటిన్ వల్ల. అంటే పశువుల తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన జిగురు అని ల్యాబులో ఆయన చెప్పారు. ఎరుపు ఒక పురుగు. జెముడు మొక్కల మీద బతికే చిన్న పురుగుల్ని ఎండబెట్టి, నలిపి రంగు తీస్తారట. అదీ ల్యాబులో ఆయనే చెప్పారు. పొట్లం మీద ఆ రంగుకి పేరుండదు, అంకె ఉంటుంది.

తాతయ్య భోజనం అయ్యి చెయ్యి కడుక్కోగానే, రోజుకి రెండుసార్లు, నువ్వు ఆయన అరచేతిలో పెడుతున్నది అది. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ చక్కెర పలుకు పెట్టిన చేతిలో.

నీకు తెలియని కథ కాదు. అయినా రాస్తే గానీ నాకు ఊపిరాడదు. పెళ్ళయిన కొత్తలో నాయనమ్మకో కోడిపెట్ట ఉండేది, కుట్టుమిషను మీద ఎక్కి కూర్చునేదట. ప్రెస్సు స్నేహితులు భోజనానికొచ్చారని తాతయ్య దాన్ని కోయించాడు. ఆవిడ పదకొండు రోజులు ఆయన కంచం పక్కన ఆ పెట్ట గింజలు తినే చిప్పని ఖాళీగా పెట్టింది. పన్నెండో రోజు ఆయన "ప్రాణమున్నదేదీ ఇక నా పంటి కిందికి రాదు" అన్నాడు. యాభై మూడేళ్ళు ఆ మాట మీద నిలబడ్డాడు. ఆయన వల్లే ఇంట్లో అందరం అలా అలవాటు పడ్డాం. ఆ మాటని నేను నెలకో సంచీ చొప్పున తినిపించేశాను.

బిళ్ళలు ఆపెయ్. ఆయనకి చెప్పాలి. ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఫోన్లో వద్దు. హాలు మధ్యలో ఉంటుంది, ఆయనకి వినబడాలని ఎప్పుడూ గట్టిగా పెట్టే ఉంచుతారు.

నీ తొందర


మార్చి 12

ఏమే తొందరా,

ఎనిమిదో నెలలోనే పుట్టుకొచ్చినదానివి. ఆ పేరు నేను ఊరికే పెట్టలేదు.

నీ సంచీ తీసుకెళ్ళి వీధి చివర చెత్తడబ్బాలో పడేసి మూడుసార్లు చెయ్యి కడుక్కున్నాను. తర్వాత నవ్వొచ్చింది. రెండేళ్ళు తిన్న నోటిని వదిలేసి చెయ్యి కడుక్కుంటున్నానేమిటని. నేనూ తిన్నాను మరి, పని చేస్తూ చేస్తూ ఒకటీ అరా.

ముందు ఒకటి అడుగుతాను, దాచకు. ఈ "ల్యాబులో ఆయన" ఎవరు? ఒక్క కాగితంలో రెండుసార్లు వచ్చాడు. పెళ్ళయినవాడా, కానివాడా? మీ అమ్మ అడగమంది. ఉత్తరాల్లో ఎముకలూ పురుగులూ రాసే పిల్ల వెనకాల ఎవడో ఒకడు ఉంటాడని మీ నాన్న అంటున్నాడు. వాడి తెలివికి నేను బాధ్యురాలిని కాను, అడగమన్నారు, అడిగాను.

మీ తాతయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఏం వినిపించాను? "నేను క్షేమం, ఇక్కడ ఎండలు మొదలయ్యాయి, కొత్త గదికి పెద్ద కిటికీ ఉంది" అని. నువ్వు రాయని కిటికీ కూడా నేనే పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "ఇంతేనా? మూడు కాగితాల చప్పుడు వినబడిందే" అన్నారు. ఒకటి కవరు నాన్నా, ఒకటి తెల్లకాగితం అన్నాను. నమ్మారో లేదో, తల ఊపారు.

బిళ్ళలు ఈ నెల రాలేదని చెప్పాను. వాటి బదులు వీధిలో దుకాణం నుంచి తెల్లటి చక్కెర గుండ్లు తెచ్చాను. నిగనిగా మెరుస్తాయి. సాగవు, ఎరుపు లేదు. మా అమ్మ పెట్టిన చక్కెర పలుకులాగే ఉన్నాయి. ఇక ఆ సంగతి అయిపోయింది.

చెప్పడం గిప్పడం ఏమీ వద్దు. ఎనభై ఒకటో ఏడు. తెలియక తిన్నదానికి తెలిసి ఏడవాలా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

మీ అత్త


మార్చి 19

అత్తా,

ల్యాబులో ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు, ముగ్గురు మనవలు. పైవరస పళ్ళు ఆయనవి కావు. బిళ్ళ ఎంత సాగుతుందో నమిలి చూడలేక వేళ్ళతో లాగి చూస్తారు. మేం పళ్ళసెట్టు మాష్టారు అంటాం. నాన్నకి సంబంధం నచ్చితే చెప్పమను, మాట్లాడతాను.

నీ చక్కెర గుండ్ల సంగతి. అవి నిగనిగలాడుతున్నాయని నువ్వే రాశావు.  అదే పేరున్నవి ఇక్కడా దొరికితే కొని అట్ట వెనక చదివాను. ఆ మెరుపు లక్క. లక్కపురుగు కొమ్మలకి అంటించే జిగురు. తాతయ్య రాతబల్ల మీద మెరుపూ, ఆ గుండ్ల మీద మెరుపూ సొంత అన్నదమ్ములు. ఆపెయ్.

ఇంకొకటి. ఎముకల బలానికి పొద్దున్నే మింగుతాడే, మెత్తటి పసుపుపచ్చ మాత్ర, దాని తొడుగు కూడా జెలటినే అయి ఉండొచ్చు. మందు మాత్రం ఆపకు! డాక్టర్ని అడుగు, వేరే తొడుగున్నవి ఉంటాయి.

నాకేమీ కుదురుగా లేదు. దుకాణానికి వెళ్తే చేతిలో ఏదీ నిలవదు. జున్ను ముక్క పట్టుకుంటే, పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసింది వాడారా లేదా అని వెతుకుతాను. రొట్టె పట్టుకుంటే, పిండి మెత్తబడడానికి వేసే పొడి కొన్నిచోట్ల ఈకల నుంచి తీస్తారని గుర్తొస్తుంది. మొన్న ఒక అర ముందు ఎంతసేపు నిలబడ్డానో, దుకాణదారు "కొంటారా అమ్మా, పరీక్ష రాస్తారా?" అన్నాడు. ఏదీ కొనకుండా వచ్చేశాను. గదిలో కూర్చోలేను. మధ్యాహ్నం తిండి వేళ ఫ్యాక్టరీ గోడ చుట్టూ తిరుగుతున్నాను, మూడు చుట్లు. కాపలావాడు నేనేదో పోగొట్టుకున్నాననుకుని తనూ నేలమీద వెతికాడు.

అసలు సంగతి ఇది. ఎర్రబిళ్ళకి కొత్త పొట్లం వస్తోంది, పైన ఆకు గుర్తుతో. ఆకు గుర్తు అంటే ఇందులో జంతువుల నుంచి తీసింది ఏదీ లేదని మాట ఇవ్వడం. ఈసారి జెలటిన్ తీసేశారు, పళ్ళ తొక్కల నుంచి తీసిన జిగురు వేశారు. మంచిదే. కానీ రంగు మార్చలేదు. ఆకుపక్కనే, ఆవగింజంత అక్షరాల్లో ఆ అంకె ఉంది. పొట్లం ప్రూఫు నా బల్ల మీదే ఉంది. సంతకం నాదే కావాలి.

తాతయ్యకి చెప్పావా?

తొందర


ఏప్రిల్ 2

తొందరా,

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నిన్ను చూసే పుట్టి ఉంటుంది.

చక్కెర గుండ్లు పోయాయి. క్రీము బిస్కట్లు తెచ్చాను. తెచ్చేముందు మీ తాతయ్య భూతద్దం కొంగున కట్టుకుని వెళ్ళి అట్ట చదివాను. ఏముంది? అన్నీ అంకెలే! దుకాణంలో ముసలామె "ఏం వదినా, జాతకం చూస్తున్నావా బిస్కట్లకి?" అంది. తిరిగొచ్చేసరికి ఈయన బల్లంతా తడుముతున్నారు, అద్దం ఏదని. కొంగు వెనక దాచుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఈ వయసులో నాకీ బతుకేమిటే?

బిస్కట్టు ఆయన చేతిలో పెడితే వేళ్ళతో తడిమి, "పిల్ల పంపలేదా ఈ నెల కూడా?" అన్నారు. లేదన్నాను. "ఉద్యోగం పోయిందేమో. మనకి చెప్పలేక ఊరుకుంది" అన్నారు. పోలేదు నాన్నా అంటే వినరు. సంచీ రావడం లేదు, ఉత్తరంలో కాగితాలు తగ్గాయి, రెండూ కలిపి ఆయనే ఒక కథ అల్లుకున్నారు. నిన్న పక్కింటాయన చేత పాత ప్రెస్సు యజమానికి ఉత్తరం రాయించారు, "మా మనవరాలు చురుకైనది, అచ్చు చదవగలదు, ఏదైనా పని చూడండి" అని. ప్రెస్సు మూతబడి తొమ్మిదేళ్ళయిందని ఎవరు చెప్పాలి ఆయనకి? నేను చెప్పను. ఈ మధ్య నేను చెప్పనివి ఎక్కువైపోయాయి.

నీ సంతకం గొడవ నాకర్థం కాలేదని అనుకోకు. పెట్టు. కిలో బిళ్ళలకి చిటికెడు రంగు. నువ్వు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. మే నెలలో నిన్ను పర్మనెంటు చేస్తారన్నావు కదా? మూడు గదులు మారావు ఏడాదిలో. ఒక్కచోట కుదురుగా కూర్చోవే తల్లీ, నీ పుణ్యం ఉంటుంది.

మా నాన్నకి మిగిలింది ఏమిటో నీకు తెలుసా? చూపు ముప్పాతిక పోయింది, మా అమ్మ పోయింది, ప్రెస్సులో పని పోయింది. ఆ ఒక్క మాట మిగిలింది. రోజూ మా అమ్మ ఫోటో వైపు తిరిగి చెయ్యి చాపుతారు, నేను ఏదో ఒకటి అందులో పెడతాను. దాన్ని కూడా ఆయన దగ్గర్నుంచి లాక్కుంటావా, నిజం నిజం అని? నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు. ఈ ఒక్కసారి నాననీ.

అత్త


ఏప్రిల్ 9

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెయ్యి చాపుతారు అన్నచోట ఆగిపోయాను.

మా పెద్దసారుని అడిగాను, రంగు మార్చవచ్చు కదా, బీట్‌రూట్ నుంచి తీసింది ఉంది కదా అని. అది ఎండకి వెలిసిపోతుందట. "నువ్వు మంచి పిల్లవి, చదువుకున్నదానివి. తప్పేమీ రాయడం లేదుగా మనం? అంకె వేశాంగా! తెలిసినవాళ్ళు చదువుకుంటారు, తెలియనివాళ్ళు హాయిగా తింటారు. ఒక్క రంగే కదా" అన్నారు. అంటూ నా ముందుకి బిళ్ళల పళ్ళెం జరిపారు. తీసుకోలేదు. ఆయన ఒకటి నోట్లో వేసుకున్నారు, నాకు ఎలా తినాలో చూపిస్తున్నట్టు.

పళ్ళసెట్టు మాష్టారు కూడా కిందికి దిగాక "సంతకమంటే ఏమిటమ్మా, మన పేరే కదా" అన్నారు. ఏ అర్థంలో అన్నారో తెలియలేదు. అడిగేలోపు పళ్ళు జారితే సర్దుకుంటూ వెళ్ళిపోయారు.

ఇరవై తొమ్మిదిన పొట్లం అచ్చుకి పోవాలి. ప్రూఫుని సొరుగులో పెడతాను, తీస్తాను. మొన్న దాన్ని గదికి కూడా తెచ్చుకున్నాను, చంటిపిల్లని తెచ్చుకున్నట్టు. నిన్న కలం మూత తీసి, నా పేరులో మొదటి అక్షరం సగం రాశాను కూడా. ఎవరో తలుపు తడితే ఆపాను.

నువ్వన్నదాంట్లో నిజముంది. తాతయ్య ఎనభై ఏళ్ళ మనిషి, నేను నిజాన్ని పట్టుకుని ఊరేగుతున్న పిల్లని. నాకు బాధ తగ్గడానికి ఆయనకి బాధ పెట్టాలా? సరే. నువ్వన్నట్టే ఉంటాను. చెప్పను. నాకు ఉద్యోగం ఉందని మాత్రం నమ్మించు. చేతిలో చక్కెర పలుకే పెట్టు, మొదట్లో లాగా.

తొందర


ఏప్రిల్ 21

తొందరా,

అయిపోయింది. సంతోషించు.

నీ పోయిన ఉత్తరం కూడా నా పద్ధతిలోనే చదివాను. ఎండలు, క్షేమం, కిటికీ. వింటూ వింటూ ఆయన "కిటికీ ఎటువైపు?" అన్నారు. తూర్పు అన్నాను. "పోయిన నెల పడమర అన్నావు" అన్నారు.  ఆయన చెయ్యి చాపారు. ఏదో పెట్టమని కాదు, ఉత్తరం ఇమ్మని.

ఇచ్చాను. ఎక్కడ దాచిందీ ఆయనకి ముందే తెలుసు, సొరుగు తెరిచి మిగతావి కూడా తీసుకున్నారు. పొద్దున తొమ్మిదికి వరండాలో కూర్చున్నారు భూతద్దం పెట్టుకుని. ఒక్కో పేజీకి అరగంట. భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపారు. పెన్సిలు అడిగారు. తెచ్చిచ్చాను. సాయంత్రం నాలుగింటికి లేచి లోపలికొచ్చి, "ఎన్ని ఉంటాయి?" అని ఒక్క మాట అడిగారు. ఏవో కొన్ని అన్నాను. "నీకు లెక్క తెలియదు, అంతే" అన్నారు.

ఏడుస్తారనుకున్నాను, అరుస్తారనుకున్నాను. నా వైపే తిరిగారు. "జెల్లీ బిళ్ళ నాకు తెలియక తిన్నది. చక్కెర గుండు నీకు తెలిశాక తినిపించింది. నాకు కోపం ఆ గుండు మీద" అన్నారు. ఆ గుండు సంగతి తెలియక ముందు తెచ్చానని చెప్పబోయాను. తెలిశాక వారం పాటు ఎందుకు ఆపలేదో చెప్పలేకపోయాను. సగం డబ్బా మిగిలింది మరి, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇది నీకే రాస్తున్నాను, మీ అమ్మకి చెప్పకు.

తర్వాత వెళ్ళి గోడ క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్సిలుతో "1" అని రాశారు. మర్నాడు "2". నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. యాభై మూడేళ్ళూ కొట్టేసి, మొదటినుంచి లెక్క మొదలుపెట్టారు. ఈ వేళ "4". భోజనం అయ్యాక చెయ్యి చాపడం లేదు. కడుక్కుని, తుడుచుకుని, ఊరికే ఒళ్ళో పెట్టుకుంటున్నారు. చక్కెర పలుకు పెట్టబోతే "రేపు చూద్దాం" అన్నారు. ఆ చెయ్యి చూడలేకపోతున్నాను.

నీ ఉత్తరాలు తిరిగి పంపమన్నారు. ఇందులో పెట్టాను. గుర్తులన్నీ ఆయనవే. "ఒక్క రంగే కదా" మీద గీత కొట్టారు. "చెప్పను" చుట్టూ సున్నా చుట్టి, పక్కన "మూలంతో సరిచూడు" అని రాశారు. నీ మీద బాగా కోపం వచ్చినట్టుంది. అందుకని నామాట విను. ఆయనకి విడిగా నాలుగు మంచి మాటలు రాయి, తప్పయింది తాతయ్యా అని. సంతకం పెట్టేసి, మే నెలలో వారం సెలవు పెట్టి ఇంటికి రా. కాళ్ళ దగ్గర కూర్చుంటే కరిగిపోతారు. ఆయన చాదస్తం ఆయనది, నీ బతుకు నీది.

మీ అత్త


ఏప్రిల్ 28

అత్తా,

ఈ ఉత్తరం రెండు కాగితాలు. రెండూ తాతయ్యకి చదివి వినిపించు. కిటికీలు పెట్టకు.

తాతయ్యా, నువ్వడిగిన లెక్క. నేను ఇరవై రెండు సంచీలు పంపాను. సంచీకి అరవై పైచిలుకు. పధ్నాలుగు వందలు దాటుతాయి. ఏవో కొన్ని కాదు. ఇందులో అత్త పని చేస్తూ చేస్తూ తిన్నవి తీసెయ్యాలి, ఎన్నో ఆవిడే చెప్పాలి.

అత్తా, "మూలంతో సరిచూడు" అంటే కోపం కాదు. చిన్నప్పుడు ఆయన బల్ల కింద కూర్చుని ఆడుకున్నదాన్ని, నాకు తెలుసు. అచ్చులో ఏదైనా మాట అనుమానంగా ఉంటే ప్రూఫు చదివేవాడు దాన్ని మార్చెయ్యడు. సున్నా చుట్టి, పక్కన అలా రాసి, రాసినవాడికి తిప్పి పంపుతాడు. నువ్వు నిజంగా రాయాలనుకున్నది ఇదేనా అని అడగడం అది.

సరిచూశాను.

సోమవారం పొద్దున ఆ పొట్లం ప్రూఫు తీసి, పాకం కాగితం పక్కన పెట్టుకున్నాను. ఆకు గుర్తు చుట్టూ సున్నా చుట్టాను. పక్కన "మూలంలో లేదు. రంగు పురుగుల నుంచి తీసినది" అని రాశాను. కింద నా పేరు పూర్తిగా రాశాను. పెద్దసారు అది చూసి "ఇది పర్మనెంటయ్యే పిల్ల రాసే రాత కాదు" అన్నారు. ఔనన్నాను. ఇంకో ప్రూఫు తీయించి, లారీల గదిలో అమ్మాయిని పిలిపించారు. ఆ అమ్మాయి పెడుతుందో పెట్టదో నాకు తెలియదు. పాకం కాగితంలో ఆ రంగు ఏ లైనులో ఉందో మాత్రం చూపించి వచ్చాను. నా ప్రూఫు నకలొకటి పొట్లాల తనిఖీ ఆఫీసుకి రిజిస్టర్డు పోస్టులో పంపాను. రసీదు నా దగ్గరుంది.

పళ్ళసెట్టు మాష్టారు మెట్ల దగ్గర ఆపి ఒక చిరునామా ఇచ్చారు. వేరే ఊళ్ళో పరీక్షల ల్యాబు. తెచ్చిన సరుకులో నిజంగా ఏముందో చూసి రాసిచ్చే చోటు. అన్నిటికంటే కింది మెట్టు ఉద్యోగం. ఫోను చేస్తే రమ్మన్నారు.

ఈ ఉత్తరం చేరేసరికి క్యాలెండరులో పదిహేను వచ్చి ఉంటుంది. నేనూ నా గదిలో గోడ మీద రాస్తున్నాను. ఆయనకంటే ఏడు రోజులు వెనక ఉన్నాను, ఉత్తరం ఆలస్యంగా అందింది.

నువ్వు రాయమన్న నాలుగు మంచి మాటలు రాయడం లేదు. ఆయన అడిగింది లెక్క, అది పైన ఉంది.

సంతకం పెట్టలేదు. పెట్టను. ముప్ఫైన ఇక్కడ పని మానేస్తున్నాను. ఇంటికి రావడం లేదు. ఒకటో తారీకు పొద్దున బస్సుకి ఆ ఊరు వెళ్తున్నాను.

తొందర